సబిత సైకిలు, గంగామణి నడుము

పాలగుట్టలో సైకిలు షాకబ్జార్బరు మింగిన కుదుపు ఎక్కడికీ పోదు. రిజిస్టరులో పేరున్న మరో మనిషి ఒంట్లోకి ఆ క్షణమే చేరుతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. అందుకే సబిత కొత్త సైకిలు కోసం ఖాజా మొయినుద్దీన్ దుకాణానికి వెళ్లిన రోజు ఆయన ముందుగా అడిగింది రంగు గురించి కాదు.

"మనిషి దొరికిండా మేడం?" అన్నాడు.

"ఇంకా లేదు భాయ్. ముందు బండి చూసుకుందామని వచ్చిన."

"మంచి పని చేసిండ్రు. బండిని బట్టే మనిషిని ఇస్తరు."

సబితకు నలభై మూడేళ్లు. భూసార పరీక్షా కేంద్రంలో ఉద్యోగం. వారమంతా ఊరూరి మట్టి పొట్లాలు విప్పి, జల్లించి, నీళ్లలో కలిపి చూసే మనిషి, ఆదివారం ఒక్కపూట మాత్రం మట్టి మీద తిరిగేది. తెల్లారకముందే సైకిలు తీసి, సీతాఫలం పొదల మధ్య నుంచి గుట్ట ఎక్కి, శిఖరం వెంబడి కాసేపు తొక్కి, ఎర్రరాళ్ల దారిన దిగి ఇంటికి చేరేది. పందొమ్మిదేళ్లుగా ఇదే అలవాటు. ఆ పాత సైకిలుకు ముందూ వెనకా ఎక్కడా స్ప్రింగు లేదు. అది దేన్నీ మింగలేదు కాబట్టి ఎక్కిన ప్రతి రాయీ ఆమెదే అయింది. ఏ కాగితం మీదా సంతకం పెట్టాల్సిన పని రాలేదు. పైకి చెప్పుకోకపోయినా, ఆ విషయంలో ఆమెకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

కిందటి వానాకాలం డాక్టరు ఆమె వెన్ను ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కింది రెండు ఎముకల మధ్య మెత్తదనం అరిగిపోయిందన్నాడు. గుట్టనన్నా వదలాలి, ఆ సైకిలునన్నా వదలాలి. సబిత రెండు వారాలు ఆలోచించి సైకిలును వదిలింది.

ఖాజా భాయ్ నాలుగు బండ్లు బయట పెట్టించాడు. మొదట, వెనక షాకు నూట అరవై మిల్లీమీటర్లు కదిలే బండి మీద చెయ్యి వేశాడు.

"ఇది సోఫా మేడం. దిగేటప్పుడు మహారాణి లెక్క దిగుతరు. కానీ ఎక్కేటప్పుడు మీ కాళ్ల బలం సగం స్ప్రింగే తింటది. బండల మీదికెల్లి దూకేటోళ్లది ఇది. మీరు దూకుతరా?"

"దూకను."

"మరి మీకెందుకు? ఇగ గా వందది చూడుండ్రి, పందేలోళ్లది. సన్నగ, తేలికగ ఉంటది. కానీ దిగుట్ల ముక్కు మీద పడేస్తదేమోనని భయమైతది." ఆయన మూడో బండిని ముందుకు తోశాడు. "మీది ఇది. వెనక నూట ఇరవై, ముందు నూట ముప్పయి. ముందు చక్రం పట్టే ఫోర్కు జర ముందుకు చాచి ఉంటది, అందుకని దిగుట్ల బెదరదు. ఎక్కుతుంటె మేక లెక్క ఎక్కుతది. రాయి తగిలితె తగిలినట్టు తెలుస్తది. నొప్పి మాత్రం మీ దాకా రాదు."

సబిత దుకాణం వెనక సందులో రెండు చుట్లు తొక్కి చూసింది. గట్టిగా తొక్కినప్పుడు బండి కిందికి కుంగిపోలేదు, తొక్కిన మేర ముందుకే పోయింది. మోరీ అంచు ఎక్కినప్పుడు అంచు ఉందని తెలిసింది కానీ నడుము ఉలిక్కిపడలేదు. పందొమ్మిదేళ్లలో తన నడుము గురించి తలచుకోకుండా తను సైకిలు మీద కూర్చోవడం ఇదే మొదటిసారని ఆమెకు అప్పుడు తోచింది. పైగా తక్కువ కదిలే షాకు తక్కువ మింగుతుంది, అవతలి మనిషికి తక్కువ చేరుతుంది. తనకు నప్పిన బండే అవతలివాళ్లకూ మేలు చేసే బండి కావడం చూసి ఆమె మనసు తేలికపడింది.

కుదుపుల బదిలీ కార్యాలయం పాత పశువుల దవాఖాన మేడ మీద ఉంది. ముందు షాకు మింగినది దాన్ని ఒంట్లోకి తీసుకునే స్వీకర్త చేతులకూ, వెనక షాకు మింగినది నడుముకూ వెళ్తుందని మెట్ల దగ్గరే బొమ్మ వేసి చూపించారు. ఒక బండికి ఒకే స్వీకర్త. స్వీకర్త దిగువ బస్తీ నివాసి అయి ఉండాలి. ఆ బస్తీలో ప్రతి ఇంటి నల్లా కనెక్షనూ ఆ ఇంటి స్వీకర్త నంబరుకు ముడిపడి ఉంటుంది. షాకు కదిలిన మేరంతా కూడి నెలకు రెండు వందల మీటర్ల కుదుపు అందితే నల్లా ఉంటుంది, అందకపోతే ఉండదు. స్వీకరణ పూర్తిగా స్వచ్ఛందమని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

అధికారి పరంధాములు నెమ్మదస్తుడు. సబిత నింపిన ఫారం చదివి పెన్నుతో ఒక మాట మీద సున్నా చుట్టాడు.

"నొప్పి అని రాయొద్దు మేడం. అనుభవం అని రాయండి. నొప్పి అంటే ఫైలు దవాఖాన శాఖకు పోతది, మళ్లీ తిరిగి రాదు."

ఆమె కొట్టేసి అనుభవం అని రాసింది. ఆయన జాబితా తిరగేసి గంగామణి అనే పేరు దగ్గర వేలు ఆపాడు. సంతకాలకు ముందు తొక్కేవారు స్వీకర్తను ఒకసారి చూసి రావాలన్నది నియమం.

గంగామణి జాకెట్లు కుట్టేది. దిగువ బస్తీలో రేకుల ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుంది. సబిత కంటే ఒకటి రెండేళ్లు పెద్దదై ఉంటుంది. ఇంతకుముందు ఆమె ఒక కాంట్రాక్టరు తొక్కే నూట అరవై బండికి స్వీకర్త. ఆయన మోకాలికి ఆపరేషను అయి, తొక్కడం మానేసి ఇరవై రోజులైంది. నెలాఖరులోగా ఎవరూ దొరక్కపోతే నల్లా పోతుందని ఆమె నీళ్ల గ్లాసు అందిస్తూ మామూలుగా చెప్పింది.

"ఏ బండి తీసుకుంటున్నరు మేడం?"

"నూట ఇరవైది."

మిషను తొక్కుతున్న కాలు ఆగింది. "నూట ఇరవైదా?"

"మీకు తక్కువ తగలాలని."

"తక్కువ తగిల్తె ఎట్ల మేడం? రెండు వందల మీటర్లు నిండాలె గద. నూట అరవైదైతె మెల్లగ తొక్కినా నిండుతది."

"అందులో దెబ్బలు పెద్దవి కదా?"

"పెద్దయే. గని జల్ది అయిపోతయి."

"ఆ బండితోని నేను గుట్ట ఎక్కలేనమ్మా. నా నడుముకు ఇదే సరిపోయింది."

గంగామణి చేతిలోని గుడ్డను మోకాలి మీద పరచి మడత సరిచేసింది. బెత్తెడు తక్కువ గుడ్డలో జాకెట్టు ఎలా తీయాలా అని చూసే చూపుతో కాసేపు దాన్నే చూసింది.

"సరె, అదే తీసుకోండ్రి. గని గట్టిగ తొక్కాలె. రాళ్లు తప్పిచ్చుకుంట పోవద్దు."

కాగితం మీద అభ్యంతరం లేదు అన్న చోట ఆమె తన పేరు రాసింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్క వంకర లేకుండా ఉన్నాయి.

మొదటి నెల సబిత రాళ్లు తప్పించుకుంటూ తొక్కింది. షాకు మీద బిగించిన మీటరు ప్రతి కుదుపుకూ చిన్న చప్పుడు చేసేది, ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమెకు రేకుల ఇంట్లోని మిషను కళ్ల ముందు మెదిలేది. ఎర్రరాళ్ల దిగుడు దగ్గర దిగి, సైకిలు భుజాన వేసుకుని నడిచేది. ఆ దారిన పోయే గొర్ల కాపరి, అంత మంచి బండిని మొయ్యడానికా కొన్నది అని అడిగాడు. ఆమె నవ్వి ఊరుకుంది. నెల తిరిగేసరికి మీటరు నూట పద్దెనిమిది చూపించింది. నల్లా లెక్క తలపుకే రాక, ఒక మనిషిని దాదాపు సగం కాపాడగలిగానని ఆమె సంతోషపడింది.

తరువాతి నెల మూడో తారీఖున గంగామణి భూసార కేంద్రానికి వచ్చింది. మట్టి పొట్లాల బల్లకు అవతల నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా నల్లా బందువెట్టిన్రు మేడం."

"మీకు బాధ కలగొద్దని మెల్లగ తొక్కిన," అంది సబిత.

"నేనడిగిన్నా మిమ్ములను? బోరింగు కాడికి రెండు కిలోమీటర్లు. రోజుకు నాలుగు సార్లు పోతున్న, బిందె నడుం మీద పెట్టుకొని. ఆ నొప్పికి రిజిస్టరు లేదు మేడం. మీటరు లేదు. మీ కుదుపులైతె ఆదివారం పొద్దుగాల రెండు గంటలు, అయిపాయె. మీరు జాలి చూపెట్టి నన్ను వారమంతా మోపిస్తున్నరు."

ఆ మధ్యాహ్నమే సబిత సెలవు పెట్టి కార్యాలయానికి వెళ్లింది. తన కుదుపులు తనకే రాసుకునే వీలుందా అని అడిగింది. పరంధాములు ఫారాన్ని ముందూ వెనకా చూపించాడు. అలాంటి గడి లేదు. పోనీ కుదుపులతో పని లేకుండా ఆ ఇంటికి నల్లా ఇవ్వకూడదా అని అడిగింది. ఆయన ఆమెను జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు.

"నల్లా వేరే శాఖ మేడం."

"నేను పాత సైకిలుకే మారిపోతే?"

"మారొచ్చు, అది మీ ఇష్టం. అప్పుడు గంగామణి పేరు వెయిటింగులకు పోతది." ఆయన జాబితా ఆమె వైపు తిప్పాడు. తొక్కేవాళ్ల కోసం ఎదురుచూస్తున్న ఇళ్లు నలభై ఆరు. కొన్ని పేర్ల పక్కన, ఎంత పెద్ద బండైనా సరేనని ఎర్ర సిరాతో రాసి ఉంది.

ఆ ఆదివారం సబిత రాళ్లకు ఎదురు వెళ్లింది. మొదటి రాయి దగ్గర కళ్లు మూసుకోబోయి మళ్లీ తెరిచింది. చక్రం ఎక్కి దిగింది, మీటరు చప్పుడు చేసింది, బండి ముందుకు పోయింది. రెండోది, మూడోది. పదో రాయి తరువాత లెక్క మానేసింది. బండి నిజానికి అందుకే పుట్టిందని ఆమెకు అర్థమైంది. మోచేతులు వదులుగా ఉంచి, కూర్చోకుండా పెడళ్ల మీద నిలబడి, చూపు దూరంగా నిలిపితే రాళ్ల దారి కూడా వాగులా పారుతుంది. ఇంత బాగా ఆమె ఎన్నడూ తొక్కలేదు. కింద మైదానానికి వచ్చి ఆగినప్పుడు తను నవ్వుతున్నట్టు గమనించి, చుట్టూ చూసి, నవ్వు ఆపుకుంది. ఎవరూ లేరు.

నెలాఖరుకు మీటరు రెండు వందల ఆరు దగ్గర ఆగింది. "వచ్చినయి మేడం," అని గంగామణి ఫోను చేసింది. వెనక బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

ఆ తరువాత నెలలు సాఫీగా గడిచాయి. డాక్టరు కొత్త ఫిల్ము చూసి, నడుము కుదుటపడుతోందన్నాడు. ఆదివారం కుట్టిన జాకెట్ల కుట్టు పక్కకు పోతోందని బేరగాళ్లు తిప్పి పంపడంతో, గంగామణి సోమవారం మధ్యాహ్నం దాకా మిషను ముట్టడం మానేసింది. కూరగాయల బజారులో ఒకసారి ఇద్దరూ ఎదురుపడ్డారు. గంగామణి ఒక చెయ్యి నడుము మీద ఆనించి నిలబడింది. వానల గురించి, బెండకాయల ముదురు గురించి మాట్లాడాక ఆమె గొంతు తగ్గించింది.

"అక్కా, ఒకటి చెప్పాల్నా? కిందికి దిగేటప్పుడు ఒక మలుపు తిరుగుతరు గద, దాని తర్వాత మూడు చిన్నయి, ఒకటి పెద్దది వస్తది."

"అవును, ఎర్రబండ." సబిత ఆశ్చర్యపోయింది. "నువ్వు ఎప్పుడన్నా గుట్టకు వచ్చినావా?"

"ఎన్నడు రాలే. ఆ పెద్దదాని కాడ మీరు బ్రేకు వడుతున్నరు."

"పడుతున్న. భయమైతది."

"పట్టొద్దు. ఆగుకుంట వస్తె కుచ్చుకుంటది. ఇడిసిపెడ్తె ఒక్కసారి తగిలి పోతది."

సబిత అప్పటి నుంచి అక్కడ బ్రేకు పట్టలేదు. ఖాజా భాయ్ చెప్పని కిటుకు అది. నిజంగానే బండి ఎర్రబండ మీద నుంచి తేలుతూ దిగేది.

ఆషాఢంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. నెలలో చివరి ఆదివారం సబిత జ్వరంతో లేచింది. తల బరువుగా ఉంది, కీళ్లన్నీ లాగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే గుట్ట సగం దాకా మబ్బులో ఉంది. ఈ తడికి రాళ్ల మీద చక్రం నిలవదు. పడితే ఏ షాకబ్జార్బరూ ఆపలేదు, ఆ దెబ్బ తనదే. ఆమె దుప్పటి మళ్లీ మెడదాకా లాక్కుంది.

ఆరున్నరకు ఫోను మోగింది.

"అక్కా, ఇంకా బయల్దేరలే?"

"వాన పడుతుంది గంగామణీ. ఒళ్లు కూడా కాలుతుంది."

"అయ్యో. గోలి వేసుకున్నరా?"

"ఇప్పుడే వేసుకున్న."

అవతల రేకుల మీద వాన చప్పుడు వినబడుతోంది.

"ఇంక ముప్పయి ఒక్క మీటరు తక్కువున్నది అక్కా. నేను లెక్క వెట్టుకున్న. ఇయ్యాల్టితోని నెల అయిపోతది."

సబిత కిటికీలోంచి మబ్బులో ఉన్న గుట్ట వైపు మళ్లీ చూసింది.

"మీకు పానం బాగలేదని తెల్వక, పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరకేసి గోడకు ఆనుకొని కూసున్న," అంది గంగామణి మెల్లగా. అందులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. "ఎట్లయినా కూసున్న గద. మీరు జర మొదలువెట్టుండ్రి."

"సరే, వస్తున్న," అంటూ సబిత మంచం కింద బూట్ల కోసం చెయ్యి చాపింది.