గేట్ పాస్ మీద ఎడమచెయ్యి

ఆవకాయ సీజను మొదలైన సోమవారం వీరవేణి ఎడమచెయ్యి మణికట్టు దాకా స్టెయిన్‌లెస్ స్టీలైపోయింది. గోదావరి ఒడ్డునున్న ఆ పచ్చళ్ళ ఫ్యాక్టరీలో ఇలాంటివాటికి కంగారుపడే అలవాటు లేదు. సీజన్లో కంగారుపడుతూ కూర్చుంటే ముక్క నల్లబడుతుంది. టీ వేళకల్లా ఆమె పేరు హాజరుపట్టీలోనే ఉంచి, చేతిని మాత్రం యంత్రాల లెక్కలో కలిపి, వెనకవైపు నంబరు కొట్టారు. నొప్పెట్టలేదు.

మెయింటెనెన్సు సూపర్వైజరు త్రిమూర్తులు స్టీలు పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మనిషి. ఉప్పూ పులుపూ తగిలేచోట నాసిరకం పెడితే సూదిగుంటలు పడతాయనీ, ఆ గుంటల్లో బూజు కాపురం పెడుతుందనీ కొత్తవాళ్ళకి చెబుతుంటాడు. అందుకే ఏ సరుకొచ్చినా జేబులోంచి అయస్కాంతం తీస్తాడు. అంటుకుంటే నాసిరకం, జారిపడితే మేలురకం. ఆ ఫ్యాక్టరీలో ఇంతకు మించిన పరీక్ష లేదు.

వీరవేణి చేతి మీద పెట్టాడు. జారిపడింది.

"మేలురకమేనమ్మా! ఇలాంటి సరుకు కోసం ఆర్డరెట్టి ఏడాదైంది. దేవుడల్లే వచ్చేవు."

"మరి మళ్ళీ మామూలుగా అవుద్దాండీ?"

"ఎందుకవ్వాలి?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

అక్కణ్ణుంచి ఆ చేతికి రాజభోగం. బ్లీచింగు నీళ్ళు తగలనివ్వలేదు, ఇనపపీచు దగ్గరికి రానివ్వలేదు. పని దిగగానే గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడిచి, కాసేపు గాలికి వదిలేవారు. స్టీలు మీద కంటికి కనపడని పొర ఒకటుంటుందట. గీత పడినా గాలి తగిలితే అది తనే మళ్ళీ కట్టుకుంటుందట. అందుకని విశ్రాంతి ఇవ్వాలట. కారం మంటకి ఆడవాళ్ళు ఏళ్ళతరబడి అడుగుతున్న గ్లౌజు కూడా వచ్చింది, ఒకే ఒక్కటి, ఎడమచేతిది. కుడిచెయ్యి మాత్రం వేళ్ళసందుల్లో పగుళ్ళతో పక్కనే మండుతూ ఉండేది. వీరవేణికి తన చెయ్యి మీద తనకే అసూయ పుట్టింది.

చిక్కు సాయంత్రం వచ్చింది. ఫ్యాక్టరీ సామాను గేటు దాటకూడదు.

"నువ్వెళ్ళొచ్చక్కా, చెయ్యి కుదరదు," అన్నాడు వాచ్‌మన్.

చివరికి త్రిమూర్తులే దారి చూపించాడు. మరమ్మతుకి వెళ్ళే మోటార్లకి రాసినట్టే 'తిరిగి తేవలసిన సామాను' అని గేట్ పాస్ రాయించాడు. రోజూ అది చూపించి ఇంటికెళ్ళేది. ఇంట్లో చిన్నపిల్ల, నాగహాసిని. తల్లి కుడిచేత్తో కలిపి పెడితే తప్ప ముద్ద మింగదు. మారింది ఎడమదే కదా, పిల్ల అన్నానికి లోటు లేదు కదా అని వీరవేణి కుదుటపడింది.

కానీ పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? శుక్రవారం అంట్లు తోముతూ, బిందెలతోపాటు తన చేతిని కూడా ఇనపపీచు, బూడిద పెట్టి తోమేసింది. తళతళలాడింది. నాగహాసిని అందులో మొహం చూసుకుని మురిసిపోయింది. మర్నాటికి మణికట్టు చుట్టూ గోధుమరంగు చుక్కలు లేచాయి.

"ఎంత పని చేసేవమ్మా!" త్రిమూర్తులు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇనప రవ్వ దిగితే స్టీలుక్కూడా తుప్పే కదా!"

కత్తికి తన వేలు తెగిననాడు ఈయన కళ్ళు పొడిగానే ఉన్నాయని వీరవేణికి గుర్తొచ్చింది. గుర్తొచ్చినా సిగ్గుతో తలొంచుకుంది.

సామానుకి ఇంట్లో సరైన సంరక్షణ లేదని గేట్ పాస్ రద్దు చేశారు. ఆ రోజునుంచి ఆమె పడక ట్యాంకుల గదిలో. సాయంత్రాలు భర్త సూరిబాబు పిల్లనీ క్యారేజీనీ ఆటోలో తెచ్చేవాడు. వీరవేణి గేటు ఊచల్లోంచి కుడిచేత్తో ముద్దలు పెట్టేది.

తోటి ఆడవాళ్ళకి ఆ గేటు కనపడలేదు, గ్లౌజు కనపడింది. ఒకనాడు గుంపుగా వచ్చి త్రిమూర్తులు ముందు చేతులు చాపారు.

"మాయి కూడా ఓపాలి సూడండి బాబూ," అంది అందరిలో పెద్దది కాసులమ్మ.

రూలు రూలేనని ఆయన అయస్కాంతం తీశాడు. కాసులమ్మ చేతి మీంచి జారిపడింది. పక్కావిడ చేతి మీంచీ జారిపడింది. వరసలో ఒక్క చేతికీ అంటుకోలేదు.

"పెరటిచెట్టు మందుకి పనికిరాదన్నట్టు, ఇంత మేలురకం ఇక్కడెట్టుకుని బయటెతికేనే!" అని నొచ్చుకున్నాడు.

అందరికీ నంబర్లు కొట్టారు. నెత్తురొస్తే వెంటనే తుడిచారు, నెత్తుట్లో ఉప్పుంటుంది, స్టీలుకి మంచిది కాదు. గోరువెచ్చని నీళ్ళొచ్చాయి, మెత్తటి గుడ్డలొచ్చాయి, గ్లౌజులొచ్చాయి. కాసులమ్మ సంతోషంతో ఏడ్చేసింది. సైరను మోగింది. గేటు తియ్యలేదు. తియ్యమని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం నాగహాసిని ముద్ద కోసం ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టింది. తాళం చూసుకోవడానికొచ్చిన త్రిమూర్తులు అలవాటు చొప్పున ఆ చేతి మీద అయస్కాంతం పెట్టబోయాడు.

"వద్దు బాబూ, అది పిల్ల," అంది వీరవేణి. పిల్ల చేతిని బయటికి తొయ్యాలనుకుంది. కుడిచేతిలో ముద్ద ఉంది. ఎడమచెయ్యి గాలికి ఆరుతోంది, ఆ వేళప్పుడు దాన్ని కదపకూడదు. కదపలేదు.

అయస్కాంతం జారిపడింది.

త్రిమూర్తులు కొత్త గుడ్డ తీసి, ఆ చిన్న వేళ్ళని సందుసందునా తడి లేకుండా తుడిచాడు.

"ఎంత మెత్తగా ఉందో అమ్మా!" అంది నాగహాసిని, రెండో చెయ్యి కూడా లోపలికి చాపుతూ.