మామయ్యది పోతోంది

ఆ ఆదివారానికి క్రాంతికుమార్ వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి ఇడ్లీ తినడం, పదకొండింటికి షోరూమ్‌లో కొత్త కారు నడిపి చూడడం, ఒంటిగంటకల్లా ఇల్లు చేరి దాని మీద తన అభిప్రాయం చెప్పడం. మూడింట్లోనూ అతనికి ఎక్కువ ఇష్టమైనది మూడోది.

సొంత కారు లేకపోయినా కార్ల మీద అభిప్రాయాలకు అతని దగ్గర కొదవ లేదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు కనుక బండిని కూడా చెవితోనే చూసేవాడు. "ఇంజన్ సంగతి తర్వాత. ముందు తలుపు వేసి చూడు. కొత్త బండి తలుపు పడితే పుస్తకం మూసినట్టుంటుంది. పాత బండి తలుపు పడితే వీధంతటికీ తెలుస్తుంది," అనేవాడు. కొత్త బండి కొనబోయేవాళ్ళకి పాతవాటి గట్టిదనం గురించి, పాత బండి ఉన్నవాళ్ళకి కొత్తవాటి సుఖం గురించి చెప్పేవాడు. ఇద్దరూ దిగులుగా ఇంటికి వెళ్ళేవాళ్ళు.

ముందురోజు సాయంత్రం మోతీనగర్‌లో, అత్తవారింట్లో భోజనం. మామ రాములు ముప్పై ఏళ్ళు సినిమావాళ్ళకి కార్లు నడిపి మానేసినవాడు. వాకిట్లో ఆయన తెల్ల అంబాసిడర్ ఉంటుంది. క్రాంతి భార్య ప్రణతి చిన్నప్పుడు దాని వెనక సీట్లోనే ఎక్కాలు నేర్చుకుంది. ఎనిమిది నెలల క్రితం ఆమె పెళ్ళికి తెనాలి నుంచి వచ్చిన క్రాంతి బంధువుల్ని స్టేషన్ నుంచి మూడు విడతలుగా మోసుకొచ్చింది కూడా అదే. ఇవన్నీ తెలిసి కూడా, కొత్త కారు చూడబోతున్న ఉత్సాహంలో, క్రాంతి పప్పు కలుపుకుంటూ అన్నాడు.

"ఎంతైనా పాత బండ్ల కాలం అయిపోయింది మామయ్యా. ఇక సినిమాల్లో పేల్చెయ్యడానికే పనికొస్తాయి."

రాములు మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లారి తొమ్మిది దాటాక అత్త మల్లమ్మ ఫోన్ చేసింది.

"అల్లుడా, మీ మామ పొద్దుగాల్నే లేసి బండి కడిగిండు. పసుపు, కుంకుమ వెట్టిండు. బంతిపూల దండ ఏసిండు. ఫిలింనగర్‌ల షూటింగ్ అంట. ఇయ్యాల బండి పోతది."

"పోతుందా?" క్రాంతి చేతిలో ఇడ్లీ ఆగిపోయింది.

"ఆఁ, పోతది. పదిన్నరకు. ఒక్క షాట్లనే పోతదట."

"మామయ్య ఒప్పుకున్నారా?"

"ఎందుకొప్పుకోడు? ఆయనంతట ఆయననే ఒప్పుకున్నడు. రాత్రంత కన్ను మూయలె. మీరు గూడ పోయి సూడుర్రి, మల్ల దొరకదు."

క్రాంతి ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టాడు. స్నానం చేయించి, పసుపూ కుంకుమా పెట్టి, దండ వేసి మరీ తీసుకెళ్ళారంటే దాని అర్థం ఒకటే. తన మాట మామయ్య మనసులో పడింది. మజ్జిగ పోసుకోకుండా లేచినప్పుడే తెలుసుకోవలసింది.

రాములుకి ఫోన్ చేశాడు. బండి నడిపేటప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. ఆ షూటింగ్ చూసుకుంటున్న ప్రొడక్షన్ మేనేజర్ జగదీశ్ పరిచయస్తుడే. అతనికి చేశాడు.

"తెల్ల అంబాసిడరా? బయల్దేరిందంట. పదకొండుకి బ్లాస్టింగ్. నువ్వు పెట్టెయ్, నేనిక్కడ చస్తున్నాను," అని జగదీశ్ తనే పెట్టేశాడు.

ప్రణతి తల తుడుచుకుంటూ వచ్చేసరికి క్రాంతి చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు.

"మీ నాన్నగారి బండిని పేల్చేస్తున్నారు. మీ అమ్మగారే చెప్పారు."

"నాన్న బండినా? ఎందుకు?"

"రాత్రి నేను అన్నాను కదా."

ప్రణతి తిట్టలేదు. అతని వైపు ఒక్క చూపు చూసి, "స్కూటర్ తియ్యి," అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. దారి పొడుగునా తల్లికి ఫోన్ చేస్తూనే ఉంది. మల్లమ్మ ఫోన్ మాత్రం ఖాళీ లేదు.

యూసఫ్‌గూడ దగ్గర ఎర్ర లైటు పడింది. క్రాంతికి తమ 'నాలుగు చక్రాలు' గ్రూపు గుర్తొచ్చింది. పాత కార్లున్న పెద్దమనుషుల గ్రూపు అది. కారు లేకుండా అందులో ఉన్నది అతనొక్కడే. ఆదివారం కనుక అందరూ బండ్లు వేసుకుని కేబీఆర్ పార్కు దగ్గర టీ తాగుతుంటారు. వాళ్ళొచ్చి నలుగురూ చెబితే దర్శకుడు వినకపోడు. గబగబా టైపు చేస్తుండగా పచ్చ లైటు పడింది. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి. ఆ కంగారులో 'బండి' అన్న ఒక్క మాట రాలిపోయి, సందేశం ఇలా వెళ్ళింది: "మామయ్యది పోతోంది. ఫిల్మ్‌నగర్ షూటింగ్ దగ్గర. వెంటనే రండి."

గ్రూపు పెద్ద వెంకటరామయ్య, రిటైర్డ్ తెలుగు లెక్చరర్, దాన్ని రెండుసార్లు చదివారు. ఏది పోతోందో అబ్బాయి రాయలేకపోయాడు. ఆ సమయంలో ఎవరు మాత్రం రాయగలరు? ప్రాణమే అయ్యుంటుందని ఆయన వాక్యాన్ని పూరించుకుని, టీ గ్లాసు కింద పెట్టారు.

కృష్ణానగర్ సందుల్లోంచి దారి తీసి, చెక్‌పోస్టు దాటి, స్కూటర్ మూలుగుతూ ఎత్తు ఎక్కింది. ఫిల్మ్‌నగర్‌లో ఒక సందులో పాతకాలం బజారు సెట్టు వేశారు. మధ్యలో ఒక టీ కొట్టు. సందు చివర తెల్ల అంబాసిడర్, స్టీరింగు వెనక రాములు. ఇస్త్రీ చొక్కా, కొత్తగా రంగేసిన జుట్టు. మైకులో "యాక్షన్" అని వినపడింది. బండి కదిలింది.

క్రాంతి జనాన్ని ఆపడానికి కట్టిన తాడు కింద నుంచి దూరి, రెండు చేతులూ చాపి బానెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపండి! దిగండి మామయ్యా!"

బండి అతని మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. "కట్!" అని మైకు అరిచింది. ఆ తర్వాత మైకు అన్నవి ఇక్కడ రాయదగినవి కావు.

"ఏమైంది అల్లుడా?" రాములు తల బయటపెట్టాడు.

"నేనేదో నోటి దూలతో అన్నాను మామయ్యా. దీన్ని పేల్చనివ్వకండి. కావాలంటే నా స్కూటర్ పేల్చమనండి."

"ఎవలు పేలుస్తుర్రు?"

జగదీశ్ పరిగెత్తుకొచ్చాడు. "పేలేది ఆ టీ కొట్టయ్యా బాబూ! బండి దాని ముందు నుంచి వెళ్ళిపోయిన తర్వాత!"

ప్రణతి మొగుడి చెయ్యి పట్టుకుని పక్కకి తిప్పింది. "మా అమ్మ ఏమన్నది? ఉన్న మాట ఉన్నట్టు చెప్పు."

"బండి పోతది, అన్నారు."

"పోతది అంటే?"

"పోతుంది. అంటే... ఇక ఉండదని."

ప్రణతి కళ్ళు మూసుకుని తెరిచింది. "పోతది అంటే వెళ్తుందండీ! షాట్లకెళ్ళి మా నాన్న బండి చక్కగా వెళ్తుందండీ! మీ తెనాలిల వస్తువులు పోతయి, మనుషులు పోతరు. మా తాన పోయినోళ్ళు పొద్దుగూకంగనే ఇంటికొస్తరు!"

క్రాంతి మామ వైపు చూశాడు. "మరి రాత్రి మజ్జిగ కూడా పోసుకోలేదు మీరు."

రాములు సిగ్గుపడ్డాడు. "సంబరంతోటి ఆకలి కాలె. ముప్పై ఏండ్లు అందర్ని షూటింగులకు దింపిన. గేటు కాడనే కూసున్న. కెమెరా ముందటికెళ్ళి పోవుడు ఇదే మొదలు. నీకు జెప్పాలనే ఉండె. జెప్తే దానిమీద గూడ ఏమన్న అంటవని ఊకున్న."

క్రాంతి తలెత్తలేకపోయాడు. ముప్పై ఏళ్ళకి వచ్చిన ఒకే ఒక్క షాటు. దాన్ని తను అడ్డంగా నిలబడి పాడుచేశాడు. జగదీశ్ గడియారం చూస్తూ, ఇంకో టేకు కష్టమనీ, బండి లేకుండానే కొట్టు పేల్చేద్దామంటున్నారనీ నసిగాడు. స్టీరింగు మీద రాములు వేళ్ళు నెమ్మదిగా వదులయ్యాయి.

అప్పుడు ఎత్తు మీదికి ఏడు పాత కార్లు, హెడ్‌లైట్లు వేసుకుని, హారను కొట్టకుండా, వరసగా వచ్చాయి. ముందు బండిలోంచి తెల్ల పంచెతో వెంకటరామయ్య దిగి, చెప్పులు విడిచి, లిల్లీపూల దండ రెండు చేతుల మీదా పట్టుకుని నడిచొచ్చారు. అంబాసిడర్ కిటికీలో, క్రాంతి పెళ్ళిలో చూసిన రాములు ముఖం కనబడి ఆగిపోయారు.

"మీరు... ఉన్నారా?"

"ఉన్న సార్," అన్నాడు రాములు మర్యాదగా. "గిప్పుడే పోతుంటి. మా అల్లుడు ఆపిండు."

వెంకటరామయ్య దండతో సహా ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయారు.

దర్శకుడు మాత్రం ఆయన్ని చూడడం లేదు. తన పాతకాలం బజారుకు సరిగ్గా సరిపోయే ఏడు బండ్లను చూస్తున్నాడు. "ఇవెవరు తెప్పించారు?"

జగదీశ్ అర క్షణం ఆలోచించాడు. "నేనే సార్."

పావుగంటలో ఏడు బండ్లూ బజారుకి రెండువైపులా నిలబడ్డాయి. లిల్లీ దండ టీ కొట్టులోని ఫోటో మీదికి చేరింది. ఇంజను చప్పుడు కూడా కావాలన్నారు కనుక, క్రాంతి రికార్డరు పట్టుకుని అంబాసిడర్ వెనక సీటు ముందు, కింద, కెమెరాకి కనబడకుండా పడుకున్నాడు. రాములు తలుపు వేశాడు. వీధంతటికీ తెలిసింది.

ముందు సీటు వీపు మీద, పడుకున్నవాళ్ళకి మాత్రమే కనిపించే చోట, బాల్‌పెన్నుతో రాసిన ఏడో ఎక్కం ఉంది. ఏడు ఎనిమిదులు యాభై నాలుగు. ఇన్నేళ్ళూ ఎవరూ దాన్ని దిద్దలేదు, తుడవలేదు. బండి కదిలి, టీ కొట్టు ముందు నుంచి నిదానంగా, నిండుగా సాగింది. క్రాంతి చెవి నేలకి ఆనించి విన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక కారు మీద అతనికి అభిప్రాయమేమీ రాలేదు.

వెనక టీ కొట్టు పేలింది. వెనక టీ కొట్టు పేలింది. షోరూమ్ వాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది. క్రాంతి ఎత్తలేదు.

"ఎట్ల పోయింది అల్లుడా?" అన్నాడు రాములు వెనక్కి తిరగకుండానే.

"చాలా బాగా పోయింది మామయ్యా," అన్నాడు క్రాంతి.

కాసేపటికి మోతీనగర్‌లో మల్లమ్మ, కూతురు ఫోన్లో చెప్పిన శుభవార్తను తెనాలిలోని వియ్యపురాలు నాగేశ్వరికి చేరవేస్తోంది. "వదినా, మా ఆయన పోయిండు! ఏం తిప్పల లేకుండ నిమ్మలంగ పోయిండు. మస్తుమంది వచ్చిర్రట, దండ గూడ తెచ్చిర్రట. ఆఖరుకు మీ కొడుకే పక్కన ఉన్నడు."

నాగేశ్వరి ఫోన్ పెట్టేసి, తలస్నానానికి నీళ్ళు పెట్టుకుంది.