మైకు హార్మోనియం ముందరే ఉండాలి

పాటల పోటీకి గొంతు ఎందుకండీ? వెనక వాయిద్యం ఉంటే చాలదా? గొంతు జలుబు చేస్తే పోతుంది. హార్మోనియానికి జలుబు చెయ్యదు, భయం వెయ్యదు, అది చరణం మరిచిపోదు.

ఈ సత్యాన్ని మద్రాసులో ముందుగా కనిపెట్టిన మహానుభావుడు సౌకార్‌పేట మిరపకాయల వ్యాపారి సుందరం శెట్టి. ఏటా దసరాకు ఆయన పాటల పోటీ పెట్టిస్తాడు. అద్దె మైకు ఒకటే. అది హార్మోనియం ముందర ఉంటుంది.

"పాడేవాళ్లు మారతా ఉంటారప్పా. హార్మోనియం మారదు గదా, మైకు ఆడుండేదే న్యాయం" అంటాడు.

హార్మోనియం కామేశానిది. నాటకాల కంపెనీలో ఇరవై ఏళ్లు వాయించాడు. టాకీలొచ్చి కంపెనీ మూతపడ్డాక ఆ విద్యంతా ఇక్కడ పనికొచ్చింది. చిరుగుచొక్కా మనిషి స్టేజీ ఎక్కితే శోకం వాయిస్తాడు. వాడింకా నోరు తెరవకముందే ముందు వరసలో ఆడవాళ్ల కొంగులు తడుస్తాయి. షావుకారు కొడుకొస్తే రాజుగారు సభకు వేంచేసినట్టు వాయిస్తాడు. ప్రైజు చెప్పేముందు డోలక్ మాదయ్య గుండెలదిరేట్టు దరువేస్తాడు. కన్సొలేషన్ ప్రైజుగా ఇచ్చే సబ్బుపెట్టెకు కూడా అదే దరువు!

జడ్జీలకు ఎంత మేలో చూడండి. పాట వినే శ్రమ తప్పింది. నిరుడు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఆరోగ్యసామి పల్లవి దగ్గరే పాట మరిచిపోయి, చివరిదాకా ఊరికే నోరాడించాడు. కామేశం జాలిపడి వాయించేశాడు. ఫస్టు ప్రైజు ఆరోగ్యసామికే.

ఈ ఏడు చిక్కొచ్చింది. ఫస్టు వచ్చినవాళ్లను పిలిచి గొంతు పరీక్ష చేస్తామని ఒక గ్రామఫోను కంపెనీవాళ్లు కబురు పెట్టారు. పోటీలో కామేశం కూతురు జయంతి ఉంది. ఇంట్లో ఆ పిల్ల పాడుతుంటే కామేశం హార్మోనియం మూసిపెట్టి వింటాడు.

"నాయనా, నాకేమీ వాయించొద్దు" అంది జయంతి, స్టేజీ ఎక్కేముందు.

"మైకు ఈడుంది గదమ్మా. నీ గొంతు జనానికి ఎట్ట వినపడేది?"

"నువ్వు చెయ్యి తీస్తే వినపడతాది."

మైకు అటు తిప్పబోతే వైరు చాలలేదు. కామేశం చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

జయంతి పాడింది. గొంతు హాలు చివరి గోడదాకా వెళ్లింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కరెంటు పోయిందా ఏంది?"

"లేదురా, వాయించేవాడు నిద్రపోయినాడు."

మాదయ్య మోచేత్తో పొడిచాడు. "వాయించన్నా, పాప ఒంటిగా చిక్కుకుపోయింది."

కామేశం వాయించలేదు. వింటున్నాడు.

జయంతికి సబ్బుపెట్టె కూడా రాలేదు. "పాటలో ఏదో లోటు" అన్నారు జడ్జీలు. ఫస్టు మళ్లీ ఆరోగ్యసామికే. ఈసారి నోరాడించడం బాగా సాధన చేసుకొచ్చాడు. గొంతు పరీక్షకూ వెళ్లాడు. ఆ కంపెనీవాళ్లకు పద్ధతి తెలియదు కాబోలు, మైకు తెచ్చి అతని నోటి ముందర పెట్టారట.

ఫస్టు వచ్చినవాడు అలా ఉత్త చేతులతో తిరిగొస్తే శెట్టి ఊరుకునే మనిషా? వచ్చే ఏడు రెండు హార్మోనియాలు పెట్టాలని తీర్మానించి, ఆ మాట చెప్పడానికి తానే కామేశం ఇంటికొచ్చాడు. లోపల వంటింట్లో ఎవరో పాడుతున్నారు. శెట్టి గడపలోనే ఆగిపోయాడు. పాట అయిందాకా కదల్లేదు.

"ఎవరు కామేశం, మీ పాపా?"

"అవునయ్యా."

"ఇంత బాగా పాడే బిడ్డను ఇంట్లో పెట్టుకోని, పోటీకి ఎందుకప్పా తీసుకురాలేదు?"