ఒకసారి కలవండి

టిఫిన్ తిని, సీతాఫల్‌మండి నుంచి తీరిగ్గా నడుచుకుంటూ యూనివర్సిటీకి వెళ్లాలనుకున్నాడు కమలాకర్. పరీక్షల విభాగంలో విద్యార్థుల ఫిర్యాదులు వినే కౌంటర్ అతనిది. చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగింది. సూపరింటెండెంట్ కాత్యాయని మేడం మెసేజ్. "ఆఫీసుకు రాగానే ఒకసారి కలవండి."

కమలాకర్ చెప్పులతోనే కుర్చీలో కూలబడ్డాడు.

"ట్రాన్స్‌ఫర్ జేస్తరు గావచ్చు," అన్నాడు భార్య నవతతో.

"కలవమన్నది, గంతే గదా."

"ఉత్తగనే ఎవరు కలవమంటరు? చివర్ల నవ్వు బొమ్మ గూడ పెట్టలే."

"డాక్టర్ చెప్పింది యాది మర్చినవా? కండ్లు మూస్కొని, ఛాతి మీద చెయ్యి పెట్టుకొని, మెల్లగ ఊపిరి తీస్కో."

ఆఫీసులో మేడం గది దాకా వెళ్లాడు. తలుపు తట్టడానికి చెయ్యి లేవలేదు. వెనక్కి వచ్చి మెట్ల పక్క గోడకు ఆనుకుని, కళ్లు మూసి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీయసాగాడు. సరిగ్గా అప్పుడే పక్క సీటు వెంకటేశం అటుగా వచ్చాడు. సొంత అన్నను గుండెపోటుతో ఆస్పత్రిలో చేర్చినవాడు కావడంతో, చూడగానే పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఎడమ చెయ్యి గుంజుతున్నదా?"

అప్పటిదాకా గుంజలేదు. అడిగాక ఆలోచిస్తే గుంజుతున్నట్టే ఉంది.

"కొంచెం," అన్నాడు కమలాకర్.

అంతే. వెంకటేశం అతన్ని ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆటో తార్నాక సిగ్నల్ దగ్గర ఆగేసరికి వెంకటేశం ఆఫీసుకు ఫోన్ చేసి, మేడం గది ముందు కమలాకరన్నకు నొప్పి లేచిందని చెప్పాడు. ఆ కబురు మూడు బల్లలు దాటి మేడం చెవిన పడేటప్పటికి, ఆమె తిడితే కమలాకర్ కుప్పకూలిపోయాడని మారింది. కాత్యాయని తన మెసేజ్‌ను మళ్లీ మళ్లీ చదువుకుంది. అందులో తిట్టు ఎక్కడుందో దొరకలేదు. హ్యాండ్‌బ్యాగ్ మరిచిపోయి ఆస్పత్రికి బయల్దేరింది.

అక్కడ డాక్టర్ ఈసీజీ చూసి, "గుండె బాగుంది, భయమే ఎక్కువగా ఉంది," అంటుండగా ఆమె తూలుతూ లోపలికి వచ్చింది. బీపీ చూసిన నర్సు వెంటనే ఆమెను పక్క మంచం మీద పడుకోబెట్టింది.

"కమలాకర్ గారూ, మిమ్మల్ని తిట్టేదానికి పిలవలేదు," అంది మేడం నీరసంగా. "ఆందోళన తగ్గించుకోవడం గురించి సోమవారం మనవాళ్లకు మీటింగ్ ఉంది. మీరు మాట్లాడతారేమో అడుగుదామని. పిల్లోళ్లు ఎంత అరిచినా మీరు నిమ్మళంగా ఉంటారు గదా."

కమలాకర్ పైకప్పు వైపు చూశాడు. "నిమ్మళం గాదు మేడం. భయానికి నోరు రాదు. ఇయ్యాల మీ తలుపు కొట్టనీకి గూడ చెయ్యి లేవలే."

మేడం అతని వైపు ఒత్తిగిలింది.

"రిజిస్ట్రార్ పిలిస్తే నాకూ అంతే. ముందు పోయి ముఖం కడుక్కుని ఏడుపు ఆపుకుంటా. ఎవరికీ చెప్పలా." దుప్పటి సర్దుకుని అంది, "సోమవారం ఇదే చెప్పండి."

సోమవారం అతను వణికే గొంతుతో అదే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. వినడానికి వచ్చిన రిజిస్ట్రార్, అవసరమైతే లేచి వెళ్లిపోవడానికి వీలుగా తలుపు పక్క కుర్చీ అడిగారు. తలుపు పక్క కుర్చీలన్నీ అప్పటికే నిండిపోయాయి.