సైకిలు షాపు దూరం

ఆ శనివారం పొద్దున్న పళ్ల డాక్టరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, షాపుకు ఫోను చేయాలి, రెండు మిషన్లలో ఏదో ఒకటి ఖాయం చేయాలి, సంగతి బావమరిది చెవిన పడకుండా చూసుకోవాలి. ఇందులో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

మిషను అంటే పళ్లకు సంబంధించింది కాదు. గోల్ఫు ఆడేవాళ్లు కంటికి పెట్టుకుని జెండా కేసి చూస్తే, అది ఎన్ని గజాల దూరంలో ఉందో అంకె చూపించే రేంజ్‌ఫైండరు. షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి చవకది, చేసిన కంపెనీ పేరు దాన్ని చేసినవాళ్లకైనా తెలుసో లేదో. రెండోది పేరు మోసిన కంపెనీది, నేల ఎత్తుపల్లాలు కూడా కలుపుకుని లెక్క చెబుతుంది. పన్ను పీకాలా ఉంచాలా అన్నది నిమిషంలో తేల్చే మనిషి, ఈ రెండింటి మధ్యా వారం రోజులుగా నలిగిపోతున్నారు.

"ఏదో ఒకటి చెప్పండి సార్. చవకదా, కంపెనీదా?" అన్నాడు షాపతను ఫోన్లో.

"రెండూ పంపించండి. చూసి ఒకటి వెనక్కిచ్చేస్తా. మా బావమరిదిని నమ్ముకుంటే ఇంక లాభం లేదండీ. దూరం చూసేదేదో ఒకటి జేబులో పెట్టాల్సిందే."

కుక్కరుకు కూయడానికి అదే సమయం దొరికింది. "చూసేదేదో ఒకటి జేబులో" అన్నంత మేరా దాని ఈలలో కొట్టుకుపోయింది. వంటింట్లో ఉన్న ఇల్లాలికి మిగిలింది ఇది: "మా బావమరిదిని నమ్ముకుంటే ఇంక లాభం లేదండీ. దూరం... పెట్టాల్సిందే."

ఆవిడ గరిటె కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, పెరటి వైపు వెళ్లి తమ్ముడికి ఫోను చేశారు.

"ఒరేయ్, మీ బావతో ఏమైనా తగువు పడ్డావా?"

"లేదక్కా. ఏం?"

"నిన్ను దూరం పెడతార్ట. నా చెవులారా విన్నాను."

ఈ తమ్ముడి గురించి చెప్పకపోతే కథ ముందుకు నడవదు. ఆయన బళ్లో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయనా, డాక్టరు గారూ ఒకే వీధి పిల్లలు. ఆ వీధి చివర్న ఉన్న గోడ దూకితే గోల్ఫు మైదానం. చిన్నప్పుడు ఆ గోడ దూకి, పొదల్లో పోయిన బంతులు ఏరి, కాపలావాడి చేత చెవులు మెలి పెట్టించుకున్నారు. పెద్దయ్యాక, బావాబావమరుదులయ్యాక, గేటులోంచే దర్జాగా వెళ్లి ఆడారు. కానీ గోడ దూకిన రోజుల్లో ఉన్న రుచి గేటులో లేదని ఇద్దరూ ఇప్పటికీ ఒప్పుకుంటారు.

అప్పట్లో గజాలెవరికి తెలుసు? "ఎంత దూరంరా?" అని అడిగితే, మాస్టారు ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి, "మీ గుమ్మం నుంచి సెలూను దాకా బావా" అనేవాడు. వీధిలో కొట్ల వరస ఇద్దరికీ కంఠతా వచ్చు. ముందు బేకరీ, తర్వాత సెలూను, సైకిలు షాపు, లాండ్రీ, చిట్టచివర సినిమా హాలు. సెలూను అంటే ఎనిమిదో నంబరు కర్ర. సైకిలు షాపుకు ఏడో నంబరు. లాండ్రీకి ఆరు. నంబరు తగ్గేకొద్దీ బంతి ఇంకా దూరం పోతుంది. బంతి కొట్టేటప్పుడు డాక్టరు గారి కళ్లకు జెండా కనిపించదు. సైకిలు షాపు ముందు వేలాడే టైర్లు కనిపిస్తాయి, బేకరీ వాసన కూడా వస్తుంది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వీధి మొత్తం పోయింది. సెలూనూ లేదు, లాండ్రీ లేదు. ఇప్పుడు ఆ వీధి ఎక్కడైనా మిగిలి ఉందంటే, ఆదివారం పొద్దున వీళ్లిద్దరి నోళ్లలో మిగిలి ఉంది.

మోకాలు పట్టేశాక మాస్టారు ఆట మానేశారు. అయినా గొడుగు చేతికర్రలా ఊనుకుంటూ ప్రతి ఆదివారం వస్తారు. దూరం చెబుతారు. ఆయనకు అక్కడున్న పని అదొక్కటే. ఆ ఒక్కటీ పోతే ఆదివారం పూట ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. ఈ సంగతి డాక్టరు గారికి తెలుసు కాబట్టే అంత గుట్టు. కానీ ఏం చేస్తారు పాపం? నాలుగు వారాలుగా ఏడో హోలు దగ్గర, అంటే చెరువు అవతల ఉన్న ఏడో గుంటకు కొట్టే చోట, మాస్టారు "సైకిలు షాపు" అంటున్నారు, డాక్టరు గారు సైకిలు షాపుకే కొడుతున్నారు, బంతి మాత్రం వెళ్లి చెరువులో పడుతోంది. వీడికి కన్ను మందగించిందని డాక్టరు గారు తేల్చేశారు. ఇంకో కారణం ఉండొచ్చన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు.

మధ్యాహ్నానికి రెండు పెట్టెలూ క్లినిక్కుకు వచ్చేశాయి. కుర్చీలో వకీలు గారు నోట్లో దూది పెట్టుకుని పడుకున్నారు. దవడకు మత్తు పట్టేదాకా ఆగాలి కదా, ఊరికే కూర్చోవడమెందుకని డాక్టరు గారు పెట్టెలు విప్పారు. కిటికీలోంచి ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును చూశారు. కంపెనీది ఒక అంకె చెప్పింది. చవకది ఇంకొకటి చెప్పింది. మళ్లీ చూస్తే చవకది తను చెప్పిన మాట మీద తనే నిలబడలేదు. దగ్గరి వస్తువు మీద పెట్టి చూద్దామని డాక్టరు గారు గిరుక్కున తిరిగారు. ఎదురుగా తెరిచి ఉన్నది వకీలు గారి నోరు.

కంటికి మిషను తగిలించుకుని తన నోట్లోకి గురి చూస్తున్న డాక్టరును చూసి వకీలు గారు ఏప్రను మెళ్లో ఉండగానే మెట్లు దిగారు. కింద మందుల షాపు దగ్గర ఆగి, మొద్దుబారిన నాలికతో, "దాత్తరు గారికి తూపు పోయింది! మితను పెత్తి తూత్తున్నారు!" అన్నారు. ఆయన కోర్టులో ఎప్పుడూ అంత నమ్మకంగా వాదించి ఎరగరు. సాయంత్రానికి క్లినిక్కులో ఒక్క పేషంటు లేడు.

డాక్టరు గారు ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. మాస్టారు అందులోంచి సామాను దించుతున్నారు. ఒక నిచ్చెన. సైకిలు పంపు. ఒక గుర్రం తక్కువైన చదరంగం. ఎప్పుడో పెళ్లికి కట్టుకెళ్లిన టై.

"ఏంట్రా ఇదంతా?"

"నీవే. ఎవరివి వాళ్లకిచ్చేస్తే గొడవుండదు. నాకంతా తెలిసింది బావా."

డాక్టరు గారు చేతిలో సంచీ వెనక్కి దాచారు. మిషన్ల సంగతి ఎవరు చెప్పారో! "తెలిసిపోయిందా? నీకు కష్టంగా ఉంటుందనేరా దాచాను."

"ఇన్నేళ్ల తర్వాత దూరమా బావా?"

"ఆ దూరంతోనే కదరా చిక్కంతా! అందుకే రెండు తెప్పించా."

"రెండా?"

"ఒకటి మంచి పేరున్నది. ఇంకోటి చవకది. చవకది ఊరికే మాట మారుస్తోంది. వారం రోజులు దగ్గరుంచుకుని చూసి, ఒకదాన్ని పంపించేస్తా."

తెలుగులో మిషన్నీ "అది" అంటాం, ఆడమనిషినీ "అది" అంటాం. ఈ సౌకర్యం వల్ల ఎన్ని కాపురాలు వీధిన పడ్డాయో లెక్క తీసినవాళ్లు లేరు. ఇల్లాలు సరిగ్గా "రెండు తెప్పించా" దగ్గర గుమ్మంలోకి వచ్చారు.

"ఎవతండీ అది?" అన్నారు నెమ్మదిగా. ఆ నెమ్మది చూసి ఆటోవాడు డబ్బులడక్కుండానే బండి తిప్పాడు.

"ఏది?"

"పేరున్నది! చవకది తర్వాత. ముందు పేరున్నది చెప్పండి!"

"రామ రామ!" అని డాక్టరు గారు సంచీలోంచి రెండు మిషన్లూ తీసి చెరో చేత్తో ఎత్తి పట్టుకున్నారు. "ఇవి! ఇవి! దూరం చూసేవి! గోల్ఫుకి!"

ఇల్లాలు నడుం మీంచి చేతులు తీశారు. "ఓస్, ఇంతేనా" అని నవ్వేశారు కూడా. మాస్టారు నవ్వలేదు. ఆయన చవకదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత జాగ్రత్తగా, బొమ్మల పెట్టె మూసినట్టు, కవరులో పెట్టి తిరిగిచ్చేశారు.

"అంటే దూరం చెప్పడానికి ఇంక నేనక్కర్లేదు" అన్నారు. "దూరం పెట్టినా బాగుండేది బావా. అలిగేవాణ్ని, నువ్వొచ్చి పిలిస్తే వచ్చేవాణ్ని. దీనికి అలగడానికి కూడా కుదరదు."

గొడుగు ఊనుకుంటూ వెళ్లిపోయారు. డాక్టరు గారికి అన్నం సహించలేదు. చదరంగం బల్ల మీద పావులు పేర్చి, గుర్రం లేని గడి కేసి చూస్తూ కూర్చున్నారు.

తెల్లారి ఆయన ఒంటరిగా మైదానానికి బయల్దేరిన కాసేపటికి పక్కింటావిడ పరామర్శకు వచ్చింది. "వకీలు గారు చెప్పారు. రెండు కళ్లూనా వదినా, ఒకటేనా?" అని అడిగింది. ఇల్లాలు గబగబా ఫోను అందుకున్నారు. అదా సంగతి! గోల్ఫు అని చెప్పింది ఉత్తిదన్నమాట. కంటికి మిషను పెట్టుకుంటే తప్ప కనపడని స్థితికి వచ్చారన్నమాట!

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావకి చూపు పోయిందట్రా! మన దగ్గర దాచారు. ఒక్కరే వెళ్లారు, అక్కడ చెరువుంది!"

మాస్టారు అలకంతా గుమ్మంలోనే వదిలేసి, మోకాలి సంగతి మరిచిపోయి, దొరికిన ఆటో ఎక్కారు.

ఏడో హోలు దగ్గర డాక్టరు గారు చెరువు గట్టున నిలబడి ఉన్నారు. వెనక నుంచి ఎవరో వచ్చి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మెల్లిగా బావా. ఇక్కడ పల్లం. అడుగు ఎత్తి వెయ్యి."

"నన్నెందుకురా పట్టుకున్నావ్?"

"నాకు కూడా చెప్పలేదు కదా నువ్వు! ఇవెన్ని వేళ్లు?"

"మూడు. నీకేమైనా పిచ్చా?"

చూపు సంగతి తేలడానికి కాసేపు పట్టింది. వకీలు గారిని ఇద్దరూ కలిసి తిట్టుకున్నాక మనసులు కాస్త తేలికపడ్డాయి. అప్పుడు మాస్టారే అడిగారు, మొహం పక్కకు తిప్పుకుని: "సరే, చూడు. ఏం చెబుతుందో నేనూ వింటా."

డాక్టరు గారు కంపెనీదాన్ని కంటికి పెట్టుకున్నారు. "నూట ముప్పై గజాలట."

"అంటే సెలూనా, సైకిలు షాపా?"

డాక్టరు గారు కర్రల సంచీ కేసి చూశారు. అంత ఖరీదైన వస్తువు చెప్పిన దూరానికి ఏ కర్ర తియ్యాలో ఆయనకు తెలియలేదు. చవకదాన్ని తీశారు. "ఇది నూట ఇరవై అంటోంది."

"బేకరీకీ సెలూనుకీ మధ్యన అయ్యుంటుంది. అక్కడేం కొట్టు లేదు బావా. ఖాళీ జాగా. మనం గోలీలాడేవాళ్లం."

"నువ్వు నన్ను ఓడించి గోలీలన్నీ పట్టుకుపోయిన చోటు" అన్నారు డాక్టరు గారు.

ఇంతలో ఇల్లాలు ఆయాసపడుతూ వచ్చారు. మొగుడు అంత దూరం నుంచే తనను గుర్తుపట్టడంతో చూపు విషయంలో ఆవిడ మనసు నిమ్మళించింది. "ఇక్కడేం చేస్తున్నారు మీరిద్దరూ?"

"వీడు సైకిలు షాపంటాడు, బంతేమో నీళ్లలో పడుతుంది. నిజం తేల్చుకుంటున్నాం."

"ఇది ఏడో హోలు కదూ? ఏడోదానికి సైకిలు షాపేంటి? సెలూను కదా!"

"అక్కా, నువ్వూరుకో" అన్నారు మాస్టారు గబగబా.

"ఎందుకూరుకోవాలి? పెళ్లయిన కొత్తలో అన్నం తింటున్నంతసేపూ మీ ఇద్దరిదీ ఇదే జోరీగ గోల. ఏడోది సెలూను, నీళ్లు దాటితే చాలు. ఏడోది సెలూను, నీళ్లు దాటితే చాలు. నన్ను నిద్దట్లో లేపి అడిగినా చెబుతాను. ఈ సైకిలు షాపు ఎప్పుడొచ్చిందిరా?"

డాక్టరు గారు బావమరిది వైపు తిరిగారు. ఆయన గొడుగు మొనతో గడ్డి కెలుకుతున్నారు.

"నీ భుజం పట్టేసిన ఏడాది బావా. సెలూనంటే నువ్వు ఎనిమిదో నంబరు తీస్తావు. బంతి చేరదు. ఇంటికెళ్లేదాకా మాట్లాడవు. అందుకని అప్పట్నించీ నీకు ఒక కొట్టు కలిపి చెబుతున్నా."

"దీనికొక్కదానికేనా?"

"అన్నిటికీను."

"మరి ఈ నాలుగు వారాలూ?"

"రెండు కొట్లు కలిపి చెప్పాల్సిన రోజులొచ్చాయి" అన్నారు మాస్టారు. "చెప్పడానికి నాకు నోరు రాలేదు."

డాక్టరు గారు చేతిలో మిషన్లను అటూ ఇటూ తిప్పారు. వీడికి కన్ను పోయిందని వారం రోజులు జాలిపడ్డాడు తను. వీడేమో ఏళ్ల తరబడి తన మీద జాలిపడుతూ, అది తనకు తెలియకుండా వీధిలో కొట్లు జరుపుతూ వచ్చాడు. ఆయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వీణ్ని గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది. మగవాళ్లు కదా, రెండు మిషన్లనూ ఇల్లాలి సంచీలో పడేసి ఊరుకున్నారు.

"చెప్పరా" అన్నారు. "ఎంత దూరం?"

మాస్టారు ఒక కన్ను మూశారు. బొటనవేలు చాచారు. అక్క కేసి ఒకసారి, బావ భుజం కేసి ఒకసారి చూశారు.

"లాండ్రీ బావా."

డాక్టరు గారు మారు మాట్లాడకుండా ఆరో నంబరు కర్ర తీశారు. బంతి చెరువు దాటి అవతల గట్టున గడ్డి మీద పడింది. జెండాకు దగ్గరేం కాదు. అయినా ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

సోమవారం పొద్దున షాపతను ఫోను చేశాడు. "ఏది ఉంచుకుంటున్నారు సార్? చవకదా, కంపెనీదా?"

"రెండూ పంపించేస్తున్నానండీ."

"ఏమైనా లోపమా సార్?"

"లోపమేం లేదు. మీ కంపెనీది ఎత్తుపల్లాలు కలుపుకుని చెబుతుంది కదా. మనిషి వయసు కూడా కలుపుకుని చెప్పేదుందా?"

షాపతను ఆలోచించాడు. "అలాంటిది ఎవరూ తియ్యలేదు సార్."

"మా దగ్గర ఒకటుంది. పెళ్లితో పాటు వచ్చింది."

"బాగా పనిచేస్తోందా సార్?"

"బ్రహ్మాండంగా. మోకాలొక్కటే కాస్త రిపేరులో ఉంది" అన్నారు డాక్టరు గారు.