ప్రొటీన్ పెట్టెలో తరుగు

ఈ లోకంలో ఒక వస్తువు ఉన్నట్టా, లేనట్టా అని తేల్చే అధికారం స్టోర్సు విభాగానికి మాత్రమే ఉంది. (దేవుడి సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.) అనంతపురంలోని మా పరిశోధనా సంస్థలో ఆ అధికారం జయరాం గారిది.

ఆయన ధర్మవరం పట్టు వ్యాపారుల ఇంట పుట్టారు. అక్కడ నేతగాడికి పట్టు తూచి ఇస్తారు, చీరె తూచి తీసుకుంటారు. మధ్యలో తరుగు వస్తే నేతగాడే జవాబు చెప్పుకోవాలి. ఆ ధర్మాన్ని జయరాం గారు కొలువులోకి భద్రంగా తెచ్చారు.

మొన్నామధ్య మా పరిశోధక విద్యార్థిని సువర్ణకు పార్సెల్ వచ్చింది. అందులో చిన్న సీసా, సీసాలో మనిషి కొలెస్ట్రాల్ రిసెప్టర్ ప్రొటీన్. రక్తంలోని చెడ్డ కొవ్వును పట్టి కణంలోకి లాగేది ఇదే. మనిషి ఒంట్లోంచి తీయకుండా ప్రయోగశాలలో కణాలచేత తయారు చేయిస్తారు. చుట్టూ పొడి ఐసు, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, పెట్టి పంపుతారు. అది అయిపోతే ప్రొటీన్ చెడిపోతుంది.

జయరాం గారు పెట్టెను కాటా మీద పెట్టారు. చీటీలో ఉన్న బరువుకు సగమే తూగింది.

"తరుగు ఉండాది కదమ్మా."

"పొడి ఐసు సార్. కరక్కుండానే గాలిలో కలిసిపోతాది."

"ఐసు కరిగితే తడి ఉండల్ల. తడి యాడమ్మా?"

విచారణ సంఘం వేశారు. సంఘం కూర్చునేలోగా పెట్టె ఇంకొంత తగ్గింది. తరుగు పెరిగినందున విచారణ పెద్దదైంది, విచారణ పెద్దదైనందున తరుగు ఇంకా పెరిగింది. కాపలా ఉన్న బయ్యన్నను పిలిచి అడిగారు.

"నేను ముట్టుకోలేదప్పా. దానిపాటికదే తేలికైతాండాది."

(వాంగ్మూలాన్ని అశాస్త్రీయమని కొట్టేశారు.)

సువర్ణ బతిమాలింది. "మా నాయన గుండె ఆగి మగ్గం గుంతలోనే కూలిపోయినాడు సార్, ఈ కొవ్వుతోనే. తమ్మునికీ అదే ఉండాది. మందు పనిచేస్తాదో లేదో దీంతోనే చూడల్ల. ఇంకోటి తెప్పించాలంటే ఏడాది పడతాది. మా ల్యాబు ఫ్రీజర్లో పెట్టి విచారించుకోండి సార్."

"ఫ్రీజర్లో పెడితే నీకు అప్పజెప్పినట్టేనమ్మా. లెక్క తేలల్ల."

ఆయన గొంతులో జాలి ఉంది, కానీ జాలికి నిబంధన లేదు. నాకు ఒళ్లు మండింది. మండినట్టు లిఖితపూర్వకంగా తెలియజేశాను.

చివరికి ఒకరోజు కాటా ముల్లు కదలడం మానేసింది. పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. సంఘం ఊపిరి పీల్చుకుంది. జయరాం గారు స్వయంగా పెట్టెను మోసుకొచ్చి సువర్ణ చేతికిచ్చారు. ఆమె మూత తీసి లోపల చేయి పెట్టింది. సీసా వెచ్చగా తగిలింది.

"ఇంక దీంట్లోంచి ఒక్క గ్రాము పోదమ్మా," అన్నారు జయరాం గారు. "నాదీ పూచీ."