స్విచ్చర్ కొనండి, కాపురం కాపాడుకోండి

ప్రతి ఇంట్లో ఒక్కటే టీవీ ఉండాలి. ఆ టీవీకి కనీసం ఐదు మెషీన్లు తగిలించి ఉండాలి. ఆ ఐదింటి మధ్యా తగవు పెట్టడానికి ఒక స్విచ్చర్ ఉండాలి. ఈ మూడూ లేని ఇంటిని ఇల్లనడానికి నాకు నోరు రావడం లేదు!

మీరు నవ్వుతారని తెలుసు. మనిషికొక తెర, చెవికొక గొట్టం ఉన్న రోజుల్లో ఈయనెక్కడి మనిషి అనుకుంటారు. అనుకోండి. మా కళ్ళజోళ్ళాయన ఇంట్లో జరిగింది విన్నాక కూడా అలాగే అనుకోగలరేమో చూద్దాం.

కళ్ళజోళ్ళాయన షాపు తాళాలు బాగుచేసే కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ మధ్యన ఉంటుంది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట నిలబడాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన పని ఒక్కటే. ఎదుటివాళ్ళ కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ 'ఇది బాగుందా? పోనీ ఇది?' అని అడగడం. పగలంతా పదిమందికీ స్పష్టంగా కనిపించేలా చేసి ఇంటికొచ్చే మనిషికి, సాయంత్రం ఒక గంట తనకు కావలసింది తాను చూసుకోవాలని ఉండటం తప్పంటారా?

ఇంట్లో నలుగురు. ఆయన తల్లి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్ఫై ఒక్కేళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. భార్య మోకాళ్ళ నొప్పులవాళ్ళకి లాప్‌టాప్‌లో కసరత్తులు నేర్పుతుంది. కూతురు కాలేజీకి వెళ్తుంది, తిరిగొచ్చాక గేమ్ మెషీన్‌లో యుద్ధాలకు వెళ్తుంది. టీవీ మాత్రం ఒక్కటే. దాని వెనక వైర్లు పెట్టే కన్నాలు రెండు. అందులో ఒకటి పోయింది. ఎవరి చేతిలో పోయిందన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

మిగిలిన ఆ ఒక్క కన్నం కోసం తల్లి సెట్‌టాప్ బాక్సు, భార్య లాప్‌టాప్, కూతురి గేమ్ మెషీన్, డిటెక్టివ్ కథలు చూసుకునే ఈయన ప్లేయరు, వీధి గుమ్మానికి పెట్టిన బెల్ కెమెరా, ఈ ఐదూ కాచుకుని ఉండేవి. ఎవరికి ఏది కావాలన్నా కళ్ళజోళ్ళాయనే టార్చిలైటు నోట కరుచుకుని టీవీ వెనక దూరాలి. ఒకటి పీకాలి, ఇంకొకటి దోపాలి. లోపల ఆయన అవస్థపడుతుంటే బయట సోఫాలోంచి సలహాలు. ఇంకొంచెం తొయ్యమని తల్లి, అంతా ఆకుపచ్చగా వస్తోందని కూతురు. అరగంటకు వీపునిండా బూజుతో బయటపడేసరికి, అడిగినవాళ్ళకు చూడాలన్న ఆ కోరికే చచ్చిపోయి ఉండేది.

ఒకరోజు ఆయన విసిగిపోయి ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుకు వెళ్ళాడు. షాపతను సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తీసి చూపించాడు. ముందువైపు ఐదు లైట్లు, వెనకవైపు ఐదు కన్నాలు, పక్కన వేలెడంత రిమోటు. ఐదు మెషీన్లూ దీనికి తగిలిస్తే, ఇది టీవీకి తగులుకుంటుంది. ఇది మామూలు స్విచ్చర్ కాదనీ, తెలివైనదనీ, ఏ మెషీన్ మేలుకుంటే దాన్ని తనంతట తానే తెర మీదికి తెస్తుందనీ చెప్పాడు.

"మీరు వేలు కదపక్కర్లేదు సార్. అంతా అదే చూసుకుంటుంది."

నిజమే. అంతా అదే చూసింది. కళ్ళజోళ్ళాయన మాత్రం ఏమీ చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం ఆయన డిటెక్టివ్ సీరియల్లో పదో భాగం పెట్టుకుని కూర్చున్నాడు. అదే చివరిది. పోయినేడాది వానాకాలంలో ఒక ముసలి జమీందారును చంపి, తొమ్మిది భాగాలుగా ఎవరో దొరక్కుండా తిరుగుతున్నారు. డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచి, హఠాత్తుగా ఆగి, "హంతకుడు వేరెవరో కాదు..." అన్నాడు.

అంతలో వీధి గుమ్మం దగ్గర ఎవరో బెల్ నొక్కారు. కెమెరా మేలుకుంది. తెలివైన స్విచ్చర్ తన తెలివి చూపించింది. టీవీ నిండా ఒక మొహం ప్రత్యక్షమైంది. ఇంత ముక్కు, కెమెరా లోపల ఏముందోనని చూసే రెండు కళ్ళు. కొరియరతను.

కళ్ళజోళ్ళాయన వెళ్ళి పార్సిలు తీసుకుని తిరిగొచ్చేసరికి తెర మీద పేర్లు పడుతున్నాయి. కొంచెం వెనక్కి తిప్పుకుని చూడొచ్చు కదా అంటారు మీరు. కూతురూ అదే అంది. హంతకుడి పేరు ఒక్కటీ తెలుసుకోవడానికైతే పది గంటలు కూర్చోవడం దేనికని ఆయన కోప్పడ్డాడు. చూస్తే ఆ భాగం మొదటి నుంచీ చూడాలి, చెమటలు పట్టాలి, అప్పుడు తెలియాలి. అదీ ఆయన నియమం.

మర్నాడు మళ్ళీ మొదటి నుంచీ పెట్టాడు. మళ్ళీ డిటెక్టివ్ నడిచాడు, ఆగాడు, "హంతకుడు వేరెవరో కాదు..." అన్నాడు. మళ్ళీ బెల్లు, మళ్ళీ ఆ ముక్కే. మూడో రోజు నడకకు వెళ్ళిన తల్లి సరిగ్గా ఆ క్షణానికే తిరిగొచ్చి, తలుపు తియ్యమని తెర నిండా నిలబడింది.

ఇలా వారం గడిచింది. ఆయన మనసులో ఏదో పురుగు దూరింది. కొరియరతను ఎదురైతే చేతుల వంక చూసేవాడు. ఒకరోజు పార్సిలు మీద సంతకం పెడుతూ, పోయినేడాది వానాకాలంలో ఎక్కడ పనిచేసేవాడివని మాటల్లో పెట్టి అడిగాడు. అతను కంగారుపడి, పార్సిలేమైనా చిరిగిందా సార్ అన్నాడు. తల్లి కాఫీ ఇస్తే ఆమె ఒక గుక్క తాగేదాకా తాను ముట్టుకోలేదన్న మాట కూడా ఉంది. దాన్ని ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

మిగతావాళ్ళు మాత్రం సుఖపడ్డారా? భార్య టీవీ తెర మీద తన పన్నెండుమంది శిష్యురాళ్ళనూ పెద్దగా పెట్టుకుని, చేతులు చాచి, ఒకటీ రెండూ లెక్కపెడుతోంది. కూతురు అలవాటు కొద్దీ గేమ్ మెషీన్ నొక్కింది. తెర మీద ఒక సైనికుడు తుపాకీ పట్టుకుని గోడ చాటున గొంతుక్కూర్చున్నాడు. లెక్క ధ్యాసలో ఉన్న భార్య ఓరకంట చూసి, మోకాలు అంతలా వంచకూడదనీ, రాత్రికి వాపొస్తుందనీ గట్టిగా మందలించింది. అక్కడ పన్నెండుమందీ ఉలిక్కిపడి కాళ్ళు చాపుకున్నారు. సైనికుడు మాత్రం వినలేదు. తర్వాతి నిమిషంలోనే చచ్చిపోయాడు.

తల్లి కథ వేరు. కసరత్తు క్లాసుకు శిష్యురాళ్ళు పావుగంట ముందే లాప్‌టాప్‌లో చేరి, టీచరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ పావుగంట స్విచ్చర్ వాళ్ళను టీవీలో చూపించేది. పన్నెండు గడుల్లో పన్నెండుమంది ఆడవాళ్ళు, అందరి మొహాల్లోనూ బాధ. పెద్దావిడ దాన్ని కొత్త సీరియల్ అనుకుంది. మూడు రోజులు మహా ఆసక్తిగా చూసింది. నాలుగో రోజు ఉండబట్టలేక పైకే అంది.

"ఆ మూడో గడిలో ఆవిడ ఇంట్లో సుఖం లేదు. మొహమే చెబుతోంది."

మూడో గడిలో ఆవిడ తలెత్తి, "మీకెలా తెలిసిందండీ?" అంది.

ఇంకొకరైతే స్పృహ తప్పేవారు. ముప్ఫై ఒక్కేళ్ళు కనిపించని గొంతులతో మాట్లాడిన మనిషి కదా, ఆవిడ చలించలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అసలు ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమంది. ఆ రోజు క్లాసు గంట ఆలస్యంగా మొదలైంది. మూడో గడి ఆవిడ కోడలితో రాజీపడిందని ఆ తర్వాత తెలిసింది.

ఈ గందరగోళం చూడలేక పెద్దావిడ రిమోటు తన చేతిలోకి తీసుకుంది. మెషీన్లు ఐదూ ఐదు లైన్లంది. ఎవరికి ఏ లైను కావాలన్నా ముందుగా ఆవిడకు బుక్ చేసుకోవాలి. హాల్లో తన కుర్చీలో కూర్చుని, వీపు నిటారుగా పెట్టి, ముక్కుతో మాట్లాడేది.

"మీరడిగిన లైను ప్రస్తుతం ఖాళీ లేదు. వేచి ఉండండి."

ఎదురుగా నిలబడ్డ కన్నకొడుక్కే ఆ మాట. ఆయన బతిమాలితే, అర్జెంటా, మామూలా అని అడిగేది. అర్జెంటంటే కారణం చెప్పాలి. హంతకుడెవరో తెలుసుకోవాలంటే, అది పోలీసుల పనని చెప్పి మామూలు కింద రాసుకునేది. చిత్రమేమిటంటే, ఎవరి లైను ఎప్పుడొస్తుందోనని అందరూ సాయంత్రమంతా హాల్లోనే పడిగాపులు పడేవారు. కూతురు అక్కడే చదువుకునేది. భార్య అక్కడే బట్టలు మడతపెట్టేది. మధ్యలో గుమ్మం దగ్గరికి ఎవరొచ్చినా వాళ్ళ మొహం తెర మీద పడేది. ఆ వచ్చినవాళ్ళ మీద ఇంకో అరగంట చర్చ నడిచేది.

చివరికి ఒక సెలవు రోజు మధ్యాహ్నం కళ్ళజోళ్ళాయన తెగించాడు. ఇవాళ తేలాలి, లేదంటే నేనే ఎవరినో చంపేసేలా ఉన్నానని తల్లికి విన్నవించుకున్నాడు. ఆవిడ ఆలోచించి, గంటసేపు అర్జెంట్ కాల్ మంజూరు చేసింది. భార్య లాప్‌టాప్ మూసింది. కూతురు గేమ్ మెషీన్ వైరు పీకి చేతికిచ్చింది. ఇక మిగిలింది బెల్, ఆ లైను తెంపడానికి మాత్రం పెద్దావిడ ఒప్పుకోలేదు. ఎవరూ వచ్చి నొక్కకుండా చూడమని కూతుర్ని గుమ్మం బయట కాపలా పెట్టారు.

డిటెక్టివ్ అందరినీ గదిలో కూర్చోబెట్టాడు. కళ్ళజోళ్ళాయన అంచుకు జరిగి కూర్చున్నాడు. అరచేతులు తడిశాయి. డిటెక్టివ్ నడిచాడు. ఆగాడు. "హంతకుడు వేరెవరో కాదు..."

తెర నిండా కూతురి మొహం.

"నాన్నా, ఎవరూ రావట్లేదు. నువ్వు ప్రశాంతంగా చూసుకో."

బెల్ నొక్కలేదు పాపం. ఆ మాట చెబుదామని కెమెరాకు దగ్గరగా వచ్చిందంతే. ఎవరైనా దగ్గరికొస్తే చాలు మేలుకుంటుందని ఎవరికి తెలుసు?

కళ్ళజోళ్ళాయన లేచాడు. జీవితంలో ఈగను కూడా గట్టిగా కొట్టని మనిషి, స్విచ్చర్‌ను వైర్లతో సహా పెరికి గోడకేసి కొట్టాడు. ఐదు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. కూతురు లోపలికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

అప్పుడు తల్లి అంది.

"డాక్టరేరా చంపింది."

ఆయనకు మొదట అర్థం కాలేదు. నీకెలా తెలుసని అడిగాడు. ఫోన్లో చూశానంది. ఎప్పుడంటే, పోయిన నెలలోనే అంది. భార్య వైపు తిరిగాడు. ఆమె మడతపెట్టిన తువ్వాలునే మళ్ళీ మడతపెడుతూ, తాను మొదటి వారమే చూసేశానంది. కూతురైతే ఆయన మూడో భాగంలో ఉండగానే చివరిది చూసేసిందట.

"మరి నాకు చెప్పరేం? ఇన్నాళ్ళూ రోజూ వచ్చి నా పక్కన కూర్చున్నారు కదా."

భార్యే జవాబు చెప్పింది.

"మేం చూడ్డానికి వచ్చింది సీరియల్ని కాదండీ. మిమ్మల్ని."

డిటెక్టివ్ ఆగిన ప్రతిసారీ ఆయన నోరు ఎంత తెరుస్తాడో, తెర మీద మొహం మారగానే కాళ్ళెలా కొట్టుకుంటాడో ముగ్గురూ చెప్పుకుని నవ్వుకునేవారట. ఆయనకు కోపం రావాలి. రాలేదు. తనను ఇంతమంది ఇంత శ్రద్ధగా చూస్తున్నారని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

తర్వాతి వారం ఆ ఇంట్లో ఎటువంటి తగవూ లేదు. స్విచ్చర్ లేదు కాబట్టి ఎవరి ఫోన్ వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలోకి వాళ్ళు పోయారు. ఆయన ఒక్కడే హాల్లో కూర్చుని, ఎవరూ అడ్డురాకుండా, ఒక కొత్త డిటెక్టివ్ కథ మొదటి భాగం చూశాడు. వంటింట్లో ఫ్రిజ్ ఆగడం, మళ్ళీ మొదలవడం వినిపించింది. ఐదో రోజు తల్లి హాల్లోకొచ్చి, తన కుర్చీ వంక చూసుకుని, ఎక్స్‌చేంజి మూసేశారా అని అడిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన మళ్ళీ షాపుకు వెళ్ళాడు. షాపతను నొచ్చుకుని, ఆ పాత రకంలో లోపముందనీ, ఈ కొత్తది నొక్కితే తప్ప మారదనీ, ఎవరినీ ఇబ్బంది పెట్టదనీ చెప్పాడు. కళ్ళజోళ్ళాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"లోపమున్నదే ఇవ్వండి."

ఇప్పుడు చెప్పండి పాఠకులారా, స్విచ్చర్ వరం కాదా? నాకీ కథంతా మొన్న కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, అద్దానికీ అద్దానికీ మధ్య ఆయనే చెప్పాడు. విని నేను జాలిపడ్డాను. మా ఇంట్లో ఇలాంటి బాధలేం లేవనీ, మనిషికొక తెర, మనిషికొక గది ఉన్నాయనీ, నాలుగేళ్ళుగా ఒకరి మీద ఒకరం గొంతెత్తింది లేదనీ కొంచెం గొప్పగానే చెప్పాను.

ఆయన నా ముక్కు మీద ఫ్రేము సర్దుతూ తల ఊపాడు. తర్వాత మామూలుగా అడిగాడు.

"మీ ఆవిడగారికి కళ్ళజోడు అలవాటైందా? ఆరు నెలలైంది కదా, ఈపాటికి కుదురుకుని ఉంటుంది."

బాగా కుదురుకుందండీ, ఆవిడకు చాలా నప్పింది కూడా అన్నాను.

ఫ్రేము ఏ రంగో మాత్రం ఆయన్ని అడగలేకపోయాను.